సంపు మీద కుర్చీ

నా దగ్గరున్న కెమెరాల్లో షాపులో కొన్నది ఒక్కటీ లేదు. అన్నీ మార్చుకున్నవే. ఒక లెన్సు ఇచ్చి ఒక కెమెరా, ఆ కెమెరా ఇచ్చి ఇంకో రెండు లెన్సులు, ఇలా చేతులు మారుతూ వచ్చినవి. తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబులో నా ఉద్యోగం. రోజంతా తెల్లటి గదిలో తెల్లటి మాత్రలు చూసి చూసి, కంపెనీ క్యాబు దిగి ఇంటికొచ్చాక కాస్త నల్లటిది ఏదైనా చూడాలనిపిస్తుంది. అందుకే ఈ బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము రీళ్ల పిచ్చి పట్టుకుందని నా అనుమానం. ఎవరైనా వచ్చి, "ఫోన్లో ఫిల్టర్ ఉంది కదా మేడం, అచ్చం ఇలాగే వస్తుంది" అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. అచ్చం అలాగే రాదు. ఎందుకు రాదో ఒకసారి నాకు బాగా తెలిసొచ్చింది.

మాలాంటి పిచ్చివాళ్లం ఈ ఉత్తరం వైపు కొద్దిమందిమే ఉన్నాం. ఆదివారాలు కౌకూర్‌లో ఒక టీ కొట్టు దగ్గర చేరి, బల్ల మీద సామాను పరిచి, కూరగాయల సంతలోలా బేరాలాడుకుంటాం. మాకు రాయని కట్టుబాట్లు రెండున్నాయి. మార్చుకున్న కెమెరాలోగాని సంచిలోగాని పాత రీలు దొరికితే, పుచ్చుకున్నవాళ్లు దాన్ని మందులో కడిగి, వచ్చిన బొమ్మల్ని ఆ సామాను ఇచ్చినవాళ్లకి అప్పజెప్పాలి. అందులో ఏమున్నా సరే, దాచకూడదు.

రెండోది నాలుక సంగతి. రీలు డబ్బాలోంచి బయటికి వచ్చి ఉండే కొసని మేం నాలుక అంటాం. కొత్త రీలుకి అది బయటే ఉంటుంది. ఫోటోలు తీసేశాక వెనక్కి చుడితే లోపలికి పోతుంది. ఇంట్లో కడుక్కునే మాలాంటివాళ్లం పూర్తిగా పోనివ్వం, తర్వాత పట్టుకు లాగడం తేలికని కొంచెం బయట వదులుతాం. అలా వదిలిన రీలు చూడ్డానికి కొత్త రీలులాగే ఉంటుంది కాబట్టి కొస మడిచిపెడతాం. మడత ఉంటే వాడేసింది, లేకపోతే ఖాళీది. ఇంత చిన్న మడతని నమ్ముకుని బతుకుతున్నాం మేం.

నేనుండేది గుండ్లపోచంపల్లి వెనకాల ఒక కొత్త కాలనీలో, అద్దె ఇంట్లో, కింది వాటాలో. పైన ఇంటి యజమాని ఉంటాడు. డెబ్బై దాటిన మనిషి. ఈ కాలనీ మొత్తం ఒకప్పుడు వాళ్ల చేను. డెవలప్‌మెంటుకి ఇచ్చేసి, తమ వంతుకి వచ్చిన ప్లాట్లలో ఒకదాంట్లో ఈ ఇల్లు కట్టుకున్నారు. కొడుకులు ప్లాట్ల వ్యాపారంలో ఊళ్లు పట్టుకు తిరుగుతుంటారు. ఆయన వరండాలో కూర్చుని, ఎవరి ఇంటికి ఎన్ని అంతస్తులు లేస్తున్నాయో చూస్తుంటాడు. మాది గోదావరి వైపు. వచ్చిన కొత్తలో "బాబాయిగారూ" అని పిలిస్తే నవ్వాడు. "గారు ఎందుకు బిడ్డా, పెద్దనాయిన అను సాలు" అన్నాడు. అప్పటినుంచీ పెద్దనాయినే.

కిందటి ఏడాది పెత్రమాస నాడు ఆయన బాధ నాకు తెలిసింది. పెద్దలకి పెట్టుకునే అమావాస్య అది, బతుకమ్మ మొదలయ్యే రోజు. పొద్దున్నే టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఆటోలో శామీర్‌పేట వైపు వెళ్లాడు. మధ్యాహ్నం వచ్చి, మెట్ల మీద కూర్చుండిపోయాడు. మంచినీళ్లు తెచ్చి ఇస్తే తాగి, "ఈయేడు గూడ కాకి ముట్టలే బిడ్డా" అన్నాడు.

వాళ్ల ఇళ్లల్లో పోయినవాళ్లని సొంత చేలోనే పూడ్చిపెట్టుకునే అలవాటు. ఆయన భార్య పిల్లలు చిన్నగా ఉండగానే పోయింది. ఈ చేలోనే పెట్టి, సమాధి కట్టి, ఏటా సున్నం వేసి, పెత్రమాసకి విస్తరేసి వడ్డించేవాడు. చేను ఇచ్చేసినప్పుడు సమాధి తీయక తప్పలేదు. కళ్లతో చూడలేనని కూతురింటికి వెళ్లిపోయాడట. తమ్ముడు ఆ పని తన నెత్తిన వేసుకున్నాడు. సమాధి కింది మట్టి గుడ్డలో కట్టి తీసుకెళ్లి, శామీర్‌పేట అవతల బంధువుల చేను గట్టున పెట్టి, చిన్న గద్దె కట్టించాడు. అప్పటినుంచీ ఈయన అక్కడికే వెళ్తున్నాడు.

"నన్ను గూడ ఆడనే, ఆమె పక్కన పెట్టమని మావోళ్లకు చెప్పిన. గని బిడ్డా, ఆమె ఆడ లేదు. నాకెర్కైతాంది. అన్నం వెట్టి కూసుంటే పరాయోళ్ల ఇంటి ముందట కూసున్నట్టున్నది. ఆమె యాడున్నదో తెల్వకుంట నన్ను తీస్కపోయి ఆడ పెడ్తె, ఇగ నేనొక్కన్నే ఉండాలె."

అలాంటివి మనసుకి అనిపిస్తాయి లెండి, అని ఏదో అన్నాను. నాకే నచ్చలేదు ఆ మాట.

వేసవిలో ఒకరోజు ఆయన ఒక తోలు సంచి పట్టుకుని కిందికి దిగాడు. తమ్ముడి కెమెరా. ఆ తమ్ముడు పోయి కొన్నేళ్లయింది. ఇంట్లో పెళ్లిళ్లు, పురుళ్లు అన్నీ ఆయనే ఫోటోలు తీసేవాడట. సంచిలో ఒక బరువైన పాత కెమెరా, దానికి ఒకే ఒక్క లెన్సు, ఒక ప్లాస్టిక్ డబ్బీలో రీలు. లెన్సుకి ఎక్కడా బూజు లేదు. నాకు నోట్లో నీళ్లూరాయి. ఎంతకిస్తారని అడిగాను.

"పైసలద్దు. నాకొక్క ఫోటో దీసియ్యి, గోడకు పెట్టేది. నేను వోయినంక మావోళ్లు ఆధార్ కార్డు మీది ఫోటో పెద్దగ జేసి దండేస్తరు. గండ్ల నేను దొంగతనం జేసి దొరికినట్టున్న."

నవ్వాను, బేరం కుదిరింది. డబ్బీ మూత తీసి రీలు చూశాను. నాలుక బయటే ఉంది, తిన్నగా ఉంది. మడత లేదు. గడువు ఎప్పుడో దాటిపోయిన రీలు, కెమెరా పనిచేస్తోందో లేదో చూడ్డానికి సరిపోతుందని అదే ఎక్కించాను. కొస మీద చిన్న గీత పడి ఉంది, ఇంతకుముందు ఎక్కడో ఇరుక్కుని వచ్చినట్టు. చూశాను. పట్టించుకోలేదు. ఆ గీత ఉన్నచోటే కెమెరా పళ్లు సరిగ్గా పట్టుకున్నాయి.

కొడుకు పెళ్లికి కుట్టించిన ముదురు నీలం కోటు వేసుకుని, తల దువ్వుకుని దిగాడు పెద్దనాయిన. ఇంటి ముందు సమంగా ఉన్న చోటంటే సంపు మీది సిమెంటు పలకే. కింద నీళ్ల గుంత, పైన పలక, మూలకి ఇనప మూత. కుర్చీ దాని మీద వేశాను. వెనకాల దూరంగా గుట్ట కనబడుతుంది, క్వారీవాళ్లు సగం తినేసిన గుట్ట. అది కూడా వస్తే బాగుంటుందని, గేటు దాకా వెనక్కి జరిగి, ఇంకో అడుగు పక్కకి జరిగి, అక్కడ ఆగాను. ఎందుకు అక్కడే ఆగానంటే చెప్పలేను. అక్కడ కుదిరిందంతే.

"ఈడ మస్తు సల్లగున్నది బిడ్డా" అన్నాడు. ఎండ మాడ్చేస్తోంది. కింద నీళ్లున్నాయి కదా, అందుకే అన్నాను. ఆయన కుర్చీ పక్కన చెయ్యి కిందికి వేలాడేసి, కాసేపు ఆ పలక మీది గాలిని వేళ్లతో తడుముతున్నట్టు ఉన్నాడు. "పెద్దనాయినా, ఇటు చూడండి" అన్నాను. చూశాడు. నొక్కాను. రీలులో మొదటి బొమ్మ అదే. మిగిలిన రీలంతా ఆ ఆదివారం శామీర్‌పేట చెరువు మీద ఖర్చుపెట్టాను. నీళ్లు, తూటికాడ, కట్ట మీద మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్లు, ఫోటోలకి వంకర్లు పోయే ప్రేమికులు.

వేసవిలో రీలు కడగడం పెద్ద తంటా. కడిగే మందు చల్లగా ఉండాలి, కుళాయి తిప్పితే పైట్యాంకు నీళ్లు చెయ్యి కాలేలా వస్తాయి. అందుకని సంపు మూత తీసి, బకెట్‌కి తాడు కట్టి, చల్లటి నీళ్లు తోడుకుంటాను. ఆ రోజూ అలాగే తోడాను. వెలుతురు దూరని నల్లసంచిలో చేతులు దూర్చి, రీలుని తడుముకుంటూ కడిగే చిన్న ట్యాంకులోకి ఎక్కించి, ఆ నీళ్లలో కలిపిన మందు పోసి తిప్పాను. పట్టపగలు. పక్కింట్లో సీరియల్ నడుస్తోంది. ఎక్కడో మిక్సీ తిరుగుతోంది. అంతా మామూలుగానే ఉంది.

కడిగి, బాత్రూమ్ తీగ మీద బట్టల క్లిప్పులు పెట్టి ఆరేసి, కిటికీ వెలుతురుకి చూశాను. బాగా ముదురుగా ఉంది, ఉండాల్సినదానికంటే. వెలుతురు ఎక్కడో దూరిపోయింది, పాత కెమెరా మోసం చేసిందనుకుని చిర్రెత్తింది. నెగటివ్‌లో నలుపు తెలుపు తారుమారుగా ఉంటాయి, సరిగ్గా తెలియదు. ఫోనులో ఫోటో తీసి, నలుపు తెలుపు తిరగేసి చూశాను.

పెద్దనాయిన కోటు వేసుకుని కుర్చీలో కూర్చునే ఉన్నాడు. మొహం చక్కగా వచ్చింది. ఆయన ఛాతీలోంచి తెల్లగా ఒక సమాధి కనబడుతోంది.

ఫోను చేతిలోంచి కింద పడింది. మళ్లీ తీసి చూశాను. మెట్లు మెట్లుగా కట్టిన చిన్న సమాధి, కొత్తగా సున్నం వేసింది. కుర్చీ కాళ్లు గడ్డిలో మాయమయ్యాయి. ఆయన ఒడిలో, మడిచిపెట్టుకున్న చేతుల మీద, ఒక విస్తరాకు, అందులో అన్నం. మా గేటూ గోడా పల్చటి పొగలా ఉండి, వాటిలోంచి దున్నిన నేల కనబడుతోంది.

భయమేసింది, ఉత్తుత్తి భయం కాదు. బాత్రూమ్ తలుపు పూర్తిగా తెరిచి, గుమ్మంలో నిలబడి, నాకు నేనే గట్టిగా చెప్పుకున్నాను: రీలు ఖాళీది కాదు, ఆ తమ్ముడు ముందే తీశాడు, వెనక్కి చుట్టి నాలుక వదిలేశాడు, మడవలేదు, నేను దాని మీదే మళ్లీ తీశాను. మాలో అందరికీ ఎప్పుడో ఒకసారి జరిగే పొరపాటే. అంతే. ఇందులో దెయ్యం లేదు, భూతం లేదు.

చెప్పుకున్నాక కూడా ఒక సంగతి మిగిలిపోయింది. రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడితే గుట్టలు రెండు కనబడాలి. ఇందులో ఒకటే ఉంది. ఇప్పుడున్న సగం ముదురుగా, గీసినట్టు ఉంది. క్వారీవాళ్లు తీసేసిన సగం దాని పక్కనే, దాన్ని అంటుకుని, లేతగా లేచి ఉంది. బండ మీద బండతో సహా. అంటే ఆ తమ్ముడు నిలబడిన చోటే, అదే లెన్సుతో, అటే చూస్తూ, నేనూ నిలబడ్డాను. గేటు దగ్గర ఆ ఒక్క అడుగు పక్కకి నన్ను ఎవరు జరిపారో నాకు తెలియదు.

మిగతావి చూడాలా వద్దా అనుకుంటూనే చూశాను. శామీర్‌పేట చెరువు నీళ్ల మీద మట్టి తవ్వే మెషీన్ టైర్ల జాడలు. చదును చేసిన ఎర్ర నేల, ఎటు చూసినా ఒకేలా, సమాధి లేదు, గట్టు లేదు. ప్రతి బొమ్మలోనూ ఒక మనిషి నీడ, మోచేతులు రెండూ పైకెత్తి, కెమెరా కంటికి పెట్టుకున్నవాడి నీడ. ఒకదాంట్లో నా కంకుల బండి మీద, ఒకదాంట్లో తూటికాడల మధ్య, ఒకదాంట్లో నీళ్ల మీద అడ్డంగా. ఒకచోట నిలబడి తీసిన నీడ కాదు. చుట్టూ తిరుగుతున్నాడు, ఏదో పోగొట్టుకున్నవాడిలా.

అప్పుడు అర్థమైంది నాకు. మొదటి బొమ్మ సమాధి ఉండగా ఏదో పెత్రమాసకి తీసింది. మట్టి తీయడానికి ఆ తమ్ముడు వచ్చేసరికే మెషీన్ పని చేసేసింది. సమాధి ఎక్కడుందో కెమెరాలోంచి గుట్టని చూసి పట్టుకోవాలని వెతికాడు. దొరకలేదు. దొరకని చోటునుంచి ఒక గుడ్డలో మట్టి కట్టుకుని శామీర్‌పేట వెళ్లాడు. రీలు కడగలేదు. కొస బయట వదిలి, మడత పెట్టకుండా డబ్బీలో పెట్టేశాడు. ఎవరో ఒకరు ఖాళీ అనుకుని మీద తీసేస్తారని, తీస్తే చెరిగిపోతుందని అనుకున్నాడేమో. రీలు మీద ఏదీ చెరగదు. ఒకదాని మీద ఇంకోటి చేరుతుంది, అంతే.

బయటికి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాను, ఫోనులో ఆ బొమ్మ పట్టుకుని. గుట్టకీ గుట్టకీ కలిపి చూశాను. కళ్లు తిప్పుకుందామన్నా కుదరలేదు, సమాధి ఉన్న చోటు సంపే. సరిగ్గా ఆ పలక. దాని మీదే కుర్చీ వేసి ముసలాయన్ని కూర్చోబెట్టాను. ఆ సంపు నీళ్లతోనే రీలు కడిగి, ఆ సమాధిని పైకి తెప్పించాను. ఉన్నట్టుండి సంపులో మోటారు గుర్రుమని మొదలైంది. పైట్యాంకులో నీళ్లు తగ్గితే దానంతట అదే మొదలవుతుంది, రోజూ వినే చప్పుడే. ఆ రోజు మాత్రం నేను లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టుకున్నాను.

తర్వాతి రోజులు సిగ్గుచేటుగా గడిచాయి. నీళ్ల క్యాన్లు కొని తెచ్చుకుని మొహం కడుక్కునేదాన్ని. స్నానానికి కుళాయి తిప్పుతుంటే చెయ్యి ఆగిపోయేది. మాత్రల్లో దుమ్ముకణం ఉంటే పట్టేసే కన్ను, బకెట్‌లో నీళ్లలోకి చూడ్డానికి భయపడేది. కౌకూర్‌లో ఒక ఇల్లు ఖాళీగా ఉందని మా టీ కొట్టు గుంపులో ఒకావిడ చెబితే, వెళ్లి చూసి, బాగుందని కూడా చెప్పి వచ్చాను.

అంతకంటే పెద్ద చిక్కు ఫోటో. పెద్దనాయిన రోజూ అడుగుతున్నాడు. "కడుగుడు అయ్యిందా బిడ్డా?" అవుతోంది పెద్దనాయినా, అనేదాన్ని. బతికున్న మనిషి ఛాతీలో సమాధి ఉన్న బొమ్మ తీసుకెళ్లి ఆయన చేతిలో ఎలా పెట్టను? మళ్లీ కుర్చీ వేసి, ఇంకో రీలు మీద శుభ్రంగా ఒకటి తీసి ఇచ్చేయొచ్చు. ఆయనకి ఎప్పటికీ తెలియదు. కానీ శామీర్‌పేట గట్టున, తెలియని మట్టి పక్కన ఆయన్ని పెట్టేస్తారు. దాచకూడదన్న కట్టుబాటు టీ తాగుతూ పెట్టుకున్నప్పుడు ఇంత బరువుంటుందనుకోలేదు.

మేడ్చల్ వెళ్లి ఒక స్టూడియోలో ప్రింటు వేయించాను. అతను మెషీన్‌లోంచి వచ్చిన బొమ్మని చూసి తలూపాడు. "ఎడిటింగ్ మంచిగ జేసిన్రు మేడం. పెద్దమనిషి ఎప్పుడు పోయిండు?" పోలేదన్నాను. అతను గబగబా కవరులో పెట్టి ఇచ్చేశాడు.

సాయంత్రం కాకముందే, వెలుతురు ఉండగానే ఇచ్చేయాలనుకున్నాను. మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "పెద్దనాయినా, ఇందులో ఒక పొరపాటు జరిగింది, ముందు చెప్పేది వినండి" అని మొదలుపెట్టాను. వినలేదు. కవరు తీసుకుని, కళ్లద్దాలు చొక్కాకి తుడుచుకుని, పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. మొహాన్ని చూసుకుంటున్నాడేమో అనుకున్నాను.

"గుట్ట నిండుగున్నదేంది?" అన్నాడు. "ఇప్పుడు సగమే ఉన్నది గద."

ఆయన వేలు బొమ్మ మీద మెల్లగా కిందికి జరిగింది. కోటు గుండీల దగ్గర ఆగింది.

"గిది మా ఇంటామె సమాది. సున్నం నేనే ఏసిన. ఈ మూలకు అంటలే, సూడు. సున్నం అయిపోయింది గా దినం." తలెత్తాడు. కళ్లు తడిగా లేవు, చాలా తేటగా ఉన్నాయి. "నువ్వు ఫోటో దీసిన దినం నేను యాడ కూసున్న బిడ్డా?"

చెయ్యెత్తి సంపు చూపించాను.

అప్పుడు అన్నీ చెప్పాను. రీలు సంగతి, మడత సంగతి. మిగతా బొమ్మలు ఫోనులో చూపించాను. చెరువు మీది నీడని చూడగానే గుర్తుపట్టాడు. "మా తమ్ముడు. మోచేతులు గట్లనే ఎత్తుతడు, కోడిపుంజు లెక్క. ఎన్నిసార్లు నవ్వినమో." ఒక్కొక్కటీ జరుపుతుంటే, నీడ ఒక్కో వైపు నుంచి వస్తుంటే, ఆయన పెదవులు బిగుసుకున్నాయి. "ఎతికిండు. పాపం, మస్తు ఎతికిండు. నాతోని చెప్పలేకపోయిండు." తమ్ముడి మీద కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆ నీడ మీద బొటనవేలు పెట్టి కాసేపు ఉంచాడు.

లేచి సంపు దగ్గరికి నడిచాడు. వంగి మూత తీశాడు. నేను వెనకే నిలబడ్డాను, దూరంగా. నల్లటి నీళ్లలో నలుచదరంగా ఆకాశం, అందులో ఆయన తల. నీళ్లు కదలడం లేదు. ఆయన ఏమైనా అంటాడేమో, ఏడుస్తాడేమో, పడిపోతాడేమో అని చూస్తున్నాను.

"ఇన్నేండ్ల సంది నేను శామీర్‌పేటకు అన్నం మోసుకవోతున్న" అన్నాడు, నాతో కాదు. "ఆమె ఈడ్నే కూసోని నాకు నీళ్లిస్తాంది."

ఇంట్లోకి వచ్చి, నేను మొదటిసారి ఆ ఇంట్లో ఏడ్చాను. భయంతో కాదు. క్యాన్లు కొని తెచ్చుకున్నందుకు.

కొంచెం తేరుకున్నాక, ఇంకో ఫోటో శుభ్రంగా తీసిస్తానని చెప్పాను. బేరం బేరమే కదా. ఆయన ఆ ప్రింటుని చొక్కా లోపల పెట్టుకున్నాడు. "అద్దు. ఆమెకు ఫోటో అంటె సిగ్గు, మొకం తిప్పుకునేది. ఇద్దరం కల్సి ఒక్కటి లేకుండె. గిండ్ల ఉన్నం" అన్నాడు. ఇప్పుడది పైన గోడకి ఉంది. వాళ్ల కొడుకులు చూసి, ఇదేం ఎడిటింగ్ నాయినా, తీసేయమని గొడవపెట్టారట. తీయలేదు. అసలు సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే ఇల్లు అమ్ముడుపోదని భయపడి, గుంత పూడ్చి ఇంకోచోట తవ్విస్తారని ఆయన అనుమానం. తన కొడుకుల సంగతి తనకి తెలుసు.

"నన్ను యాడన్న పెట్టుకోనియ్యి ఇగ, నాకేం రంది లేదు" అన్నాడు ఒకరోజు, పాల ప్యాకెట్ ఇవ్వడానికి పైకి వెళ్తే. "గని ప్రాణం వోయేటప్పుడు నోట్ల నీళ్లు వోస్తరు గద. ఏ బిస్లరీ సీసానో తెస్తరు మావోళ్లు. నువ్వు అడ్డం వడాలె. గీ సంపుల నీళ్లు ఒక్క గిలాస ముంచుకరావాలె. నీకే ఎర్క, ఇంకెవలికి ఎర్క లేదు."

సరే పెద్దనాయినా అన్నాను. కిందికి దిగి, కౌకూర్ ఇంటాయనకి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. కారణం అడిగితే నీళ్ల ఇబ్బంది అన్నాను. మీ దగ్గర నీళ్లు లేవా అన్నాడాయన. ఉన్నాయి, అందుకే అన్నాను. ఆయనకేం అర్థమైందో ఏమో.

ఈ ఏడు పెత్రమాసకి ఆటో రాలేదు. నాకు సెలవు. బాత్రూమ్‌లో ఒక రీలు కడుగుతున్నాను, మందు పని అయిపోయింది, కుళాయి కింద పెట్టి నీళ్లు వదిలాను. ఆ చిన్న కిటికీకి అవతలే సంపు. ముందు విస్తరాకు పరుస్తున్న చప్పుడు, తర్వాత గిన్నె మూత చప్పుడు. పప్పు వాసన వచ్చింది, గారెల వాసన వచ్చింది. కాకి వచ్చిందో లేదో నేను చూడలేదు. చూడాలనిపించలేదు.

కాసేపటికి ఆయన గొంతు వినిపించింది. చాలా మెల్లగా, ఇంట్లో పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు. పెద్దోడు కారు కొన్నాడని, కూతురికి మోకాళ్ల నొప్పులని, గుట్ట సగం పోయిందని, తమ్ముడి మీద కోపం పెట్టుకోవద్దని. ఒక్కో మాట చెప్పి ఆగుతున్నాడు. ఆగి, ఊఁ అంటున్నాడు. మళ్లీ అవతలివాళ్లు ఏదో అడిగినట్టు, "లే లే, గట్లేం లేదు" అంటున్నాడు.

రీలుకి ఇంకా చాలా నీళ్లు కావాలి, మందు సరిగ్గా పోకపోతే మచ్చలు పడతాయి. అయినా చెయ్యి చాచి, చప్పుడు కాకుండా కుళాయి కట్టేశాను. వాళ్లిద్దరి మాటలకీ అడ్డం రాకూడదని.